నాలుగో పేజీలో సాక్షి

న్యూఢిల్లీ
14 జూలై 1996

కనకా,

ఏడాదిగా ఉత్తరం రాయని మనిషికి క్షేమం అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను. నువ్వెలా ఉన్నావు? మీ అయ్య ఎలా ఉన్నాడు? నీ బడి కప్పు ఈ వానలకైనా కారడం మానిందా?

నాకు ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఒక ఐరోపా దేశపు ఎంబసీలో, సహాయ విభాగంలో అనువాదకురాలిని. తెలుగులోనూ హిందీలోనూ వచ్చే కాగితాలను ఇంగ్లీషు చేయడం నా పని. మావారు లక్ష్మీప్రసాద్ గారు పనిచేసే ప్రెస్సు మూతపడి అయిదు నెలలైంది కనుక ఇప్పుడు ఇల్లు నడిపేది నేనే. ఆయన వంట నేర్చుకుంటున్నారు. పప్పు బాగానే కుదురుతోంది. చారు జోలికి మాత్రం పోవద్దని చెప్పాను.

నా విభాగం చేసే పని వింటే నవ్వుతావు. ఆ మంచు దేశపు ప్రభుత్వం ఏటా తన బడ్జెట్టులో కొంత భాగం తీసి, తమ నేల మీద లేని అడవుల కోసం, అంటే మనలాంటి వేడి దేశాల్లోని అడవుల కోసం ఇస్తుంది. తమ జనం కట్టిన పన్ను పరాయివాళ్ళ చెట్లకు ఎందుకని మా అధికారిని అడిగాను. ఆవిడ పేరు ఇంగ్రిడ్. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు ఉంటుంది. "మీ దగ్గర అడవి పోతే మా దగ్గర ఋతువులు తప్పుతాయి. మా పార్లమెంటుకు ఇది అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది" అంది.

నిన్న కొత్త ఫైళ్ళ జాబితా టైపు చేస్తుంటే 'అరకు' అనే మాట కనబడింది. ఇంకొంచెం కిందికి వెళితే 'డుంబ్రిగుడ మండలం, పన్నెండు గ్రామాలు'. అందులో ఏడోది గుమ్మపుట్టు. మీ ఊరే. భీమిలి ట్రైనింగ్ హాస్టల్లో పదకొండేళ్ళ కిందట నువ్వు మంచం మీద కూర్చుని వర్ణించిన కొండ ఇప్పుడు నా బల్ల మీది పటంలో పచ్చరంగు మచ్చగా ఉంది. ఆ పన్నెండు ఊళ్ళలో అన్నిటికంటే ముదురు పచ్చ మీ కొండదే.

మంచి జరగబోతోందని అనిపిస్తోంది. వెంటనే రాయి.

నీ ఉమ


గుమ్మపుట్టు, డుంబ్రిగుడ పోస్టు
9 ఆగస్టు 1996

ఉమా,

నీ ఉత్తరం డుంబ్రిగుడ సంతరోజున చేతికి వచ్చింది. పోస్టుమాను కొండెక్కడు కదా, ఊరికి వచ్చిన ఉత్తరాలన్నీ ఉప్పు కొట్టువాడి దగ్గర వదిలేస్తాడు. బస్సు దిగి గంట నడక. వానలో తడవకుండా జాకెట్టులో పెట్టుకుని తెచ్చి ఇంటికి వచ్చాకే విప్పాను.

బడి కప్పు కారుతూనే ఉంది. పిల్లల్ని ఓ మూలకు జరిపి చెబుతున్నాను. అయ్య బాగున్నాడు. నలభై మూడు గడపలకీ ఆయనే ఇంకా ఊరిపెద్ద. పొద్దున్నే పైకొండకు వెళ్ళి ఊట చూసి రావడం మానలేదు.

ముదురు పచ్చ అన్నావు, దాని సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు ఆ పైకొండ బోడి. కాంట్రాక్టరు పెద్ద చెట్లు కొట్టుకుపోయాడు, మిగిలినదాన్ని మావాళ్ళు పోడుకు కాల్చారు. ఒక ఏడు ఫాల్గుణానికే ఊట ఎండిపోయింది. ఆడవాళ్ళు నీటికోసం లోయ దిగాల్సి వచ్చింది. అప్పుడు అయ్య ఊరిని కూర్చోబెట్టి, పైకొండ మీద ఇక ఎవరూ కత్తీ నిప్పూ పెట్టొద్దని ఒప్పించాడు. పోడు కింది వాలుకే. మొదట్లో మా బాబాయి కూడా ఆయన్ని తిట్టాడట. ఆరేళ్ళకు ఊట తిరిగి వచ్చింది. ఇప్పుడు చైత్రంలో కూడా పారుతుంది. వేసవిలో ఆకు రాలినప్పుడు నిప్పు అంటుకోకుండా ఇంటికొకరు చొప్పున దారి ఊడుస్తాం.

మీ ఎంబసీ కోసమేనేమో, జూన్ నెలలో సర్వే వాళ్ళు వచ్చారు. వైజాగునుంచి వరహాలరావు గారని ఒకాయన, ఇంకా ఇద్దరు. మర్యాద గల మనిషి. నన్ను 'మేడం' అన్నాడు, ఈ కొండమీద నన్నలా పిలిచినవాళ్ళు లేరు. ఊరందరికీ దోమతెరలు పంచారు. నేనూ నాకు చేతనైన సాయం చేశాను.

ఇంకో కబురు. నాలుగేళ్ళ కిందటి అక్షరాస్యత తరగతుల్లో నేర్చిన సంతకాలు మావాళ్ళు మరవలేదు. ముసలి సోని 'సో' రాసి, చుట్ట ముట్టించుకుని, కాసేపు ఆగి 'ని' రాస్తుంది. ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు వేలిముద్ర మనుషులు కారు. ఇది నేను చేసిన ఒకే ఒక్క పని అనుకో.

కనక


న్యూఢిల్లీ
20 నవంబరు 1996

కనకా,

పని ఎక్కువగా ఉండి రాయలేదు.

ఒక మాట. ఊరికే అడుగుతున్నాను, దీని వెనక ఏమీ లేదు. మీ ఊరివాళ్ళకు కింద రోడ్డు పక్కన కాలనీలో ఇళ్ళు కట్టి ఇస్తే, కొండ ఖాళీ చేసి దిగి వచ్చేస్తారా? ఆ విషయం ఊళ్ళో ఎప్పుడైనా అనుకున్నారా?

నువ్వేమనుకుంటున్నావో కూడా రాయి.

ఇక్కడ చలి మొదలైంది.

ఉమ


గుమ్మపుట్టు
8 డిసెంబరు 1996

ఉమా,

ఇంత పొట్టి ఉత్తరం నీనుంచి ఎప్పుడూ రాలేదు. ఇంట్లో అంతా బాగున్నారా? నామీద ఏమైనా కోపమా?

నువ్వు అడిగినది ఊళ్ళో అడిగాను. వలిసెలు కోసే వేళ, పొలంలో అందరూ ఉన్నారు. పాంగి భీమన్న కొడవలి ఆపి, "కిందకా? కిందకెల్లి ఏటి సేత్తాం, బస్సులు లెక్కెడతామా?" అన్నాడు. మా మాటలో అన్నాడు, నేను నీకోసం తెలుగులో రాస్తున్నాను. అందరూ నవ్వారు. అయ్య మాత్రం నవ్వలేదు. "ఎవులు అడగమన్నారు?" అన్నాడు. ఢిల్లీలో ఉన్న నేస్తం అన్నాను. "ఢిల్లీలో ఉన్నోలు ఊరికే అడగరు" అని మళ్ళీ కోతకు వంగాడు.

నాకూ అదే అనిపిస్తోంది. ఎందుకు అడిగావు?

మొన్న సోని ఇంకో సంగతి గుర్తు చేసింది. దోమతెరలు ఇచ్చినప్పుడు అందరిచేతా వేలిముద్రలు వేయించారట. "మాకు సంతకం వచ్చు బాబూ" అంటే, "అదైతే జాగవుతుంది, ముద్ర బేగి అయిపోద్ది" అన్నాడట వరహాలరావు గారి మనిషి. ఆ పూట నేను అరకులో మీటింగుకు వెళ్ళాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి పంపకం అయిపోయింది. సోని ఆ రోజు వేలికి అంటిన సిరా గురించి ఇప్పటికీ సణుగుతుంది. నేర్చుకున్నదాన్ని వాడనివ్వలేదని ఆమె బాధ.

పైకొండ మీద ఈ ఏడు జంగిడి పశువుల మంద కూడా ఎక్కకుండా కంచె కట్టాం. చలికి పిల్లలు బడి బయట ఎండలో కూర్చుని చదువుతున్నారు.

నిజం రాయి ఉమా.

కనక


న్యూఢిల్లీ
3 జనవరి 1997

కనకా,

ఈ ఉత్తరం రాయకూడదు. ఆఫీసు కాగితాల సంగతి బయటికి చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజున సంతకం చేశాను. లక్ష్మీప్రసాద్ గారితో రెండు రోజులు మాట్లాడాను. ఆయన చివరికి, "రాయి. రాయకపోతే నువ్వు తినే అన్నం నీకు దిగేలా లేదు" అన్నారు.

అక్టోబరులో మీ ఊరి కాగితం అనువాదానికి నా బల్ల మీదికి వచ్చింది. 'గుమ్మపుట్టు గ్రామస్థుల అంగీకార పత్రం'. అడవిని కాపాడేందుకు ఊరు ఖాళీ చేసి, రోడ్డు పక్క కాలనీకి మనస్ఫూర్తిగా తరలి వెళతామని అందులో ఉంది. పైకొండ చుట్టూ ముళ్ళకంచె వేస్తారు. మీరెవరూ అందులో అడుగు పెట్టరు. ఈ పత్రం ఆధారంగానే డబ్బు మంజూరవుతుంది. కింద నలభై మూడు వేలిముద్రలు. అందరూ సంతకాలు నేర్చిన ఊరని నువ్వు రాసి రెండు నెలలు కాలేదు. ముద్రలు చూడగానే చెయ్యి ఆగిపోయింది.

అయినా నిన్ను సూటిగా అడగలేదు. ఎందుకో చెబుతాను. పత్రానికి ఇంగ్లీషులో ఒక నాలుగో పేజీ ఉంది. 'దీన్ని ఊరివారికి చదివి వినిపించి, అర్థం చెప్పి, వారి సమ్మతి నేను స్వయంగా విన్నాను' అని. దాని కింద సాక్షి సంతకం. కిల్లో కనక, ఉపాధ్యాయిని. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, నీ చేతిరాత నాకు ఎవరూ చూపించనక్కర్లేదు.

రెండు నెలలకు పైగా నిన్ను అనుమానించాను. నీకేమైనా ఆశ చూపారేమో అనుకున్నాను. నువ్వే ఊరిని దించాలనుకుంటున్నావేమో అనుకున్నాను. కింద మంచి బడి ఉంటుంది, కప్పు కారదు, నీకు బదిలీ దొరుకుతుంది అని నీ తరఫున కారణాలు కూడా నేనే వెతికాను. నీ ఉత్తరాల్లో ఆ సంతకం మాట ఎక్కడా లేదు.

ఏది నిజమైనా ఫరవాలేదు. నాకు నీనోట వినాలి.

ఉమ


గుమ్మపుట్టు
15 జనవరి 1997

ఉమా,

సంతకం నాదే.

మీటింగునుంచి వచ్చిన ఆ సాయంత్రం వరహాలరావు గారు బడి అరుగు మీద నాకోసం కూర్చుని ఉన్నారు. "దోమతెరలు అందినట్టు చదువుకున్నవాళ్ళు ఒకరు సంతకం చేయాలి మేడం" అన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చిన్న అక్షరాలు. మొదటి వరుసలోనే నాకు తెలియని మాటలు మూడు ఉన్నాయి. ఇదేమిటని అడగొచ్చు. ఇంటికి తీసుకెళ్ళి రేపిస్తానని అనొచ్చు. నేను పేజీని పైనుంచి కిందిదాకా చూసి, చదివినట్టు తల ఊపి, సంతకం పెట్టాను.

ఎందుకో నీకు చెప్పాలి. భీమిలిలో మొదటి నెల, ఇంగ్లీషు పాఠం పైకి చదవమంటే 'ఐలాండ్'ని 'ఇస్లాండ్' అన్నాను. తరగతి అంతా నవ్వింది. కొండదానికి ఇంగ్లీషు అన్నారు. నువ్వు కూడా నవ్వావు ఉమా. ఆ తర్వాత ఇంగ్లీషు మాటకు అర్థం ఏమిటని నేను ఎవరినీ అడగలేదు. నిన్ను కూడా. ఆయన మేడం అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవాలనుకున్నాను.

నీ నవంబరు ఉత్తరం చూసినప్పుడే ఆ కాగితం గుర్తుకొచ్చింది. అయినా ఆ సంగతి నీకు రాయలేదు. అది అది కాదులే అనుకుంటూ వచ్చాను. మా ఊళ్ళో చదవడం వచ్చినదాన్ని నేనే, చదవకుండా సంతకం పెట్టినదాన్నీ నేనే.

19 జనవరి

ఉత్తరం పోస్టు చేయకుండా నాలుగు రోజులు ఉంచాను. ఊరికి చెప్పకుండా నీకు మాత్రం చెప్పడం మళ్ళీ దాచుకోవడమే అవుతుందనిపించింది. ఈ పొద్దున అందరినీ బడి ముందుకు పిలిచి చెప్పాను. నీ పేరు చెప్పలేదు.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. భీమన్న నేల చూస్తూ, "టీచరమ్మే సదవకుండా ఎట్టీసినాదా? మరి మాకెందుకు నేర్పినట్టు?" అన్నాడు. అయ్య లేచి పైకొండ దారి పట్టాడు. ఇరవై ఏళ్ళు ఆయన కాసిన కొండ.

అప్పుడు సోని చుట్ట తీసి పక్కన పెట్టింది. "తప్పు సేసినోలు దాసుకుంతారు. ఈ గుంట మన ముందరికొచ్చి సెప్పింది. ఏడిసింది సాలు. ఇంక కాగితం తే, ఆ దొరలకి మనమే రాద్దుం. బేగి రా" అంది.

మధ్యాహ్నందాకా రాశాం. మేము ఒప్పుకోలేదని, ముద్రలు దోమతెరలకని, సాక్షి చదవకుండా సంతకం చేసిందని. అయ్య తిరిగి వచ్చి, వరుసలో చివర నిలబడి సంతకం చేశాడు. నా మొహం చూడలేదు. రేపు అరకు వెళ్ళి మీ ఎంబసీకి రిజిస్టరు చేస్తాను. దొంగదారిన కాకుండా ముందు గుమ్మంలోంచే రావాలని.

నీ ఉద్యోగం జాగ్రత్త.

కనక


న్యూఢిల్లీ
2 మార్చి 1997

కనకా,

నవ్వాను. నాకు గుర్తుంది. ఆ రోజు నీ పక్క బెంచీలోనే ఉన్నాను, నువ్వు నావైపు చూశావు కూడా. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ చూపు నన్ను వదలడం లేదు. పన్నెండేళ్ళు ఆలస్యమైంది, నన్ను క్షమించు.

మీ రిజిస్టరు ఉత్తరం టపాలో వచ్చింది. అనువదించి ఇంగ్రిడ్ గారికి ఇచ్చాను. ఆవిడ పాత పత్రం తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద నలభై మూడు ముద్రలు, ఒకదాని మీద అవే నలభై మూడు పేర్లు, సంతకాలు. వాటిని చూపించి, "వీళ్ళ గురించి నీకేమైనా తెలుసా?" అంది.

తెలియదు అనొచ్చు. అన్నీ చెప్పేశాను. సాక్షి నా స్నేహితురాలని, నేనే ఆమెకు రాశానని. ఆవిడ ఫైలు మూసి నన్ను ఇంటికి వెళ్ళమంది. వారం రోజులు పిలుపు లేదు. లక్ష్మీప్రసాద్ గారు కూరగాయలవాడితో ఎప్పుడూ లేనిది బేరమాడారు.

ఎనిమిదో రోజు పిలిచారు. మీ ఫైలు నా దగ్గర్నుంచి తీసేశారు. నా మీద విచారణ తర్వాత చూస్తారట. అయితే ఇంగ్రిడ్ గారు తలుపు దగ్గర ఆపి ఒక మాట చెప్పింది. మనుషుల్ని బలవంతంగా కదిలించే పనికి వాళ్ళ ప్రభుత్వం డబ్బు ఇవ్వకూడదని నియమం ఉందట. మీ ఉత్తరం వచ్చాక పాత పద్ధతిలో సాగడం కుదరదు. కానీ వాళ్ళ రాజధానిలో పైవాళ్ళు, ఈ గొడవంతా ఎందుకు, మొత్తం పన్నెండు ఊళ్ళ పథకమూ రద్దు చేసి ఇంకో దేశానికి మళ్ళిద్దాం అంటున్నారు. అదే జరిగితే మిగతా పదకొండు ఊళ్ళకూ ఏమీ రాదు. కలప లారీలు మళ్ళీ వచ్చినప్పుడు అడ్డుపడే అండా ఉండదు.

"రద్దు చేయడం సులువు. నేను ముందు ఆ ఊరు చూడాలి" అంది. మే నెలలో వస్తుంది. నన్ను తీసుకురాదు. అది న్యాయమే.

ఉమ


గుమ్మపుట్టు
18 మే 1997

ఉమా,

వచ్చి వెళ్ళారు. నిన్ననే. మరచిపోకముందే రాస్తున్నాను.

జీపు కిందే ఆగిపోయింది. ఇంగ్రిడ్ గారు, హైదరాబాదునుంచి వచ్చిన దుబాసీ, అడవి శాఖవాళ్ళు ఇద్దరు, వరహాలరావు గారు నడిచి ఎక్కారు. దొరసానమ్మ మొహం ఎర్రగా కందిపోయింది. సోని చోడి అంబలి ముంత ఇస్తే ఒక్క గుక్కలో తాగి మళ్ళీ అడిగింది. ఆ దెబ్బతో సోని ఆమె చెయ్యి వదల్లేదు.

ఆమె ముందు పైకొండ చూస్తానంది. అయ్య దారి తీశాడు. ఊట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని దోసిలితో నీళ్ళు తాగింది. మే నెలలో నీళ్ళెలా ఉన్నాయని అడిగింది. అయ్య ఒక్కో చెట్టూ చూపిస్తూ నడిచాడు. ఇది ఫలానా ఏడు మొలిచింది, ఇది నిప్పులో సగం కాలి బతికింది, ఇక్కడ జాకర దేవత ఉంటుంది చెప్పులు విప్పాలి. ఆమె బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. అడవి శాఖవాళ్ళూ విప్పక తప్పలేదు.

తర్వాత బడి ముందు కూర్చున్నాం. సోనియే ముందు అడిగింది. "మీ దేసంలో అడివి లేదేటి తల్లీ, ఇంత దూరం వొచ్చినావు?"

దుబాసీ చెప్పాక ఇంగ్రిడ్ గారు, "ఉంది. కానీ మా తాతలు పాత అడవిని నరికేశారు. తర్వాత నాటినదంతా ఒకే రకం చెట్టు, వరసలు వరసలుగా. పోయినది తిరిగి రాలేదు. మీకు తిరిగి వచ్చింది. ఎలా వచ్చిందో చూడాలని వచ్చాను" అంది.

భీమన్న అన్నాడు, "మేం ఉన్నాం గనక వొచ్చింది. మమ్మల్ని తీసేత్తే ఎల్లిపోద్ది. నిప్పంటుకుంటే కంచె వొచ్చి ఆర్పుద్దా?"

ఆమె పుస్తకంలో రాసుకుని, సాక్షి ఎవరని అడిగింది. లేచాను. దుబాసీ నా వైపు తిరిగాడు. నాకేమయిందో తెలియదు ఉమా, ఇంగ్లీషులోనే చెప్పాను. నేను చదవలేదు, నాకు అర్థం కాలేదు, అడగడానికి సిగ్గుపడ్డాను, సంతకం పెట్టాను, తప్పు నాది, ఊరిది కాదు. వాక్యాలు విరిగి విరిగి వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. ఇంగ్రిడ్ గారు, "నాదీ నేర్చుకున్న ఇంగ్లీషే. నాకు పూర్తిగా అర్థమైంది" అంది.

వరహాలరావు గారు అప్పటిదాకా వెనక నిలబడి ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ, "మా పైవాళ్ళు వారంలో ముగించమన్నారండి. ఆలస్యమైతే డబ్బు వేరే జిల్లాకు పోతుందన్నారు. కింద ఇల్లు ఇస్తామంటే ఎవరు కాదంటారులే అనుకున్నాను. అడగాల్సింది, అడగలేదు" అన్నాడు. సోని ఆయనకీ అంబలి ఇచ్చింది. తీసుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

ఏం జరుగుతుందో ఆమె చెప్పలేదు. "నా ఒక్కదాని చేతిలో లేదు" అంది.

అయ్య ఇంకా నాతో మాట్లాడడం లేదు. వండి పెడితే తింటాడు. నాలుగు నెలలు అవుతోంది. ఏదైనా చెప్పాలంటే గోడకి చెబుతాడు.

కనక


న్యూఢిల్లీ
22 ఆగస్టు 1997

కనకా,

ముందు అసలు కబురు. మీరు దిగనక్కర్లేదు. పన్నెండు ఊళ్ళలో ఏ ఊరూ దిగనక్కర్లేదు.

నిన్న వాళ్ళ రాజధానినుంచి ఆమోదం వచ్చింది. ఊరు ఖాళీ చేయాలన్న షరతు తీసేశారు. కంచె లేదు. పైకొండను కాసే పని మీ ఊరిదే అని ఒప్పందంలో రాస్తున్నారు. నిప్పు దారులకూ, ఊట కట్టకూ, మొక్కలకూ డబ్బు ఊరి పేరనే వస్తుంది. ఇంగ్రిడ్ గారు తన నివేదికలో మీ ఊట ఫొటో పెట్టిందట. పైవాళ్ళు ముందు ఒప్పుకోకపోతే తనే వెళ్ళి వాళ్ళతో కూర్చుని వచ్చింది. ఆ ఆమోదం కాగితాన్ని లక్ష్మీప్రసాద్ గారికి ఫోనులో చదివి వినిపించాను. తర్వాత తెలిసింది, పక్కింటివాళ్ళ ఫోను దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయారట.

నా సంగతి. గోప్యత నియమం తప్పినందుకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. మళ్ళీ జరిగితే ఉద్యోగం ఉండదు. ఆ కాగితం ఇచ్చిన చేత్తోనే ఇంగ్రిడ్ గారు మీ కొత్త ఒప్పందం కూడా నాకిచ్చి, "ఈసారి వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ప్రతి ముక్కా" అంది.

అందుకే ఒక పని నీకు. ముసాయిదా దీనితో పంపుతున్నాను, ఇది ఆఫీసు తరఫునే, దొంగతనం కాదు. ఊరందరికీ చదువు. ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గీసి పంపు. ముఖ్యంగా ఇంగ్లీషులో మిమ్మల్ని పిలిచిన మాటకు 'లబ్ధిదారులు' అని రాశాను. నాకే నచ్చలేదు.

నీ ఉమ


గుమ్మపుట్టు
29 సెప్టెంబరు 1997

ఉమా,

నీ ఉత్తరం ఉప్పు కొట్టు దగ్గరే విప్పేశాను. ఇంటిదాకా ఆగలేకపోయాను. వచ్చే దారంతా ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఊరు చేరేసరికి వార్త నాకంటే ముందే వెళ్ళిపోయింది. సోని గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. ఎందుకే అంటే, "ఇన్నాల్లూ ఆపుకున్నాను గదా" అంది. భీమన్న జీలుగు కల్లు కుండ దించి పంచాడు.

ఒప్పందం చదవడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఒక్కో వాక్యం చదివి, మా మాటలో చెప్పి, అందరూ సరే అంటేనే ముందుకు వెళ్ళాను. తెలియని మాట వస్తే తెలియదనే అన్నాను. అలా అన్నప్పుడల్లా ఎవరో ఒకరు, "రాసెట్టు, అడుగుదుం" అనేవారు. మొత్తం పదిహేడు చోట్ల గీతలు గీసి పంపుతున్నాను.

లబ్ధిదారులు అంటే ఏటి అని సోని అడిగింది. మేలు పొందేవాళ్ళు అన్నాను. "ఎవులు? మేమా?" అంది. భీమన్న, "ఇచ్చినోలకి రుతువులు నిలబడతన్నాయి, మనకి ఊట నిలబడతంది. ఇద్దరికీ మేలే గదా. మనల్నొక్కల్నే అలా అనడమేటి?" అన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. కాపుదారులు అని రాయమంటున్నారు. కాపు కాసేవాళ్ళు. మీ ఎంబసీ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో అడుగు.

నిన్నటి ఆదివారం చివరి పేజీ అయింది. వాన తెరిపి ఇచ్చింది. జనం లేచి వెళ్ళిపోయారు. నేను అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని, ఎక్కడైనా తప్పు దొర్లిందేమోనని మొదటి పేజీనుంచి మళ్ళీ చూస్తున్నాను. అలా ఎంతసేపు చూశానో తెలియదు. ఎదురుగా నీడ పడితే తలెత్తాను. అయ్య.

గోడ వైపు చూడలేదు. నన్నే చూశాడు. "ఎన్ని పాల్లు సదువుతావమ్మా" అన్నాడు. "లే. అన్నం సల్లారిపోతంది."

ముందు ఆయన, వెనక నేను నడిచాం. ఇంట్లో సామల అన్నం, గుమ్మడికాయ కూర, ఆయనే వండాడు. ఉప్పు ఎక్కువైంది. ఎనిమిది నెలల తర్వాత కడుపునిండా తిన్నాను ఉమా.

నీ కనక